ఒక ప్రాంతం దేశంగా విడిపోతే లాభమా నష్టమా: ఆ లెక్కలు చదివే పద్ధతి

ఒంగోలు, కావలి వైపు గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కూర్చున్నప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. బ్రిటన్ (యూకే) నుంచి స్కాట్లాండ్ విడిపోతే బాగుపడుతుందా చితికిపోతుందా, కాటలోనియా డబ్బు స్పెయిన్ తినేస్తోందన్నది నిజమేనా అని. పిల్లల్ని గ్లాస్గోకో ఎడిన్‌బరాకో ఎమ్మెస్సీకి పంపిన తల్లిదండ్రులకైతే ఇంకో టెన్షన్, అక్కడ పౌండు ఉంటుందా పోతుందా అని. యూట్యూబ్‌లో ఒకాయన ఒక అంకె చెప్తాడు, ఇంకొకాయన దానికి సరిగ్గా ఎదురు అంకె చెప్తాడు, ఇద్దరూ ప్రభుత్వ కాగితమే చూపిస్తారు. ఇద్దరిలో ఒకడు అబద్ధం చెప్తున్నాడని వదిలేయడం సులువే కానీ, చాలాసార్లు రెండు అంకెలూ సరైనవే, అవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు, అంతే. ఆ ప్రశ్నేమిటో బయటికి లాగడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఎక్కువగా స్కాట్లాండ్‌నే తీసుకుంటాను, ఎందుకంటే అక్కడ లెక్కలన్నీ బహిరంగంగా ఉన్నాయి, రెండు పక్షాలవాళ్ళూ వాటిని చీల్చి చెండాడి పెట్టారు, మనకు పని తేలిక.

ఏ ఏడాది, ఏ షరతు, ఎవరి జేబు

విడిపోవాలా వద్దా అని 2014 సెప్టెంబరులో స్కాట్లాండ్‌లో ఓటింగు జరిగింది. అంతకుముందు మే 28న ఒకే రోజు రెండు ప్రభుత్వాలు రెండు అంకెలు వదిలాయి. యూకేలోనే ఉండిపోతే ఒక్కో స్కాట్లాండ్ మనిషికి ఏడాదికి 1,400 పౌండ్ల మేలు అని బ్రిటన్ ఆర్థిక శాఖ చెప్పింది. విడిపోతే ఒక్కొక్కరికి ఏడాదికి 1,000 పౌండ్ల మేలు అని స్కాట్లాండ్ ప్రభుత్వం చెప్పింది. రెండూ చదువుకున్న ఆర్థికవేత్తలు వేసిన లెక్కలే.

లోపలికి వెళ్ళి చూస్తే సంగతి తెలుస్తుంది. లండన్ వాళ్ళ అంకె, ఇప్పుడున్న పన్నులూ ఖర్చులూ ఇలాగే ఉండి, చమురు రాబడి తగ్గుతూ, కొత్త దేశం అప్పు మీద ఎక్కువ వడ్డీ కడుతూ పోతే ఏమవుతుందన్న దానికి జవాబు. ఎడిన్‌బరా వాళ్ళ, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వం అంకె, కొత్త అధికారాలతో ఉత్పాదకత, ఉద్యోగాలు, జనాభా అనుకున్నట్టు పెరిగితే 15 ఏళ్ళకు ఏమవుతుందన్న దానికి జవాబు. ఒకరు ఏమీ మారదనుకున్నారు, ఇంకొకరు మారాల్సినవన్నీ మంచికే మారతాయనుకున్నారు. అందుకని ఏ అంకె కనపడినా ముందు పక్కన మూడు మాటలు రాసుకోండి: ఏ ఏడాదికి, ఏ షరతు మీద, ఎవరి జేబుకు. ఈ మూడూ దొరకని అంకెను పరీక్షలో రాయొద్దు, వాట్సాప్‌లో పంపొద్దు.

లోటు లెక్క దగ్గర ఆగండి, ఇక్కడే సగం గొడవ

స్కాట్లాండ్ ప్రభుత్వ గణాంక విభాగం ఏటా ఒక పద్దు వేస్తుంది, దాన్ని గెర్స్ అంటారు. స్కాట్లాండ్‌లో ఎంత పన్ను వసూలైంది, స్కాట్లాండ్ కోసం ఎంత ఖర్చయింది అన్న లెక్క. 2023-24కు తేడా 2,270 కోట్ల పౌండ్ల లోటు, అంటే అక్కడి జీడీపీలో 10.4 శాతం, అదే ఏడు యూకే మొత్తానికి 4.5 శాతం. యూకే వైపు వాళ్ళు ఈ అంకె చూపించి, ఇంత లోటుతో దేశమెట్లా నడుపుతారు అంటారు. స్వాతంత్ర్యం కోరేవాళ్ళు, అది లండన్ నడిపిన బండి లెక్క, మాది కాదు అంటారు.

ముందు ఏడాది ఎంపిక చూడండి. 2013లో వచ్చిన గెర్స్ ప్రకారం 2011-12లో స్కాట్లాండ్ లోటు 5 శాతం, యూకేది 7.9 శాతం. అప్పుడు చమురు బ్యారెల్ 100 డాలర్ల పైన ఉంది. ఆ ఒక్క ఏడాది పట్టుకుని మేమే మెరుగు అని ప్రచారం చేశారు, చెప్పింది తప్పేమీ కాదు. 2015-16కు వచ్చేసరికి స్కాట్లాండ్ 9.5, యూకే 4. అదే ప్రాంతం, అదే జనం, అవే పన్నులు; చమురు ధర ఒక్కటే కూలింది. 2013 నవంబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం తెచ్చిన స్వాతంత్ర్య శ్వేతపత్రంలో 2016-17 చమురు రాబడి 680 నుంచి 790 కోట్ల పౌండ్లు ఉంటుందని రాశారు. వచ్చింది 21 కోట్ల లోపే. కాబట్టి లోటు గురించి ఎవరైనా ఒకే ఏడాది అంకె చెప్తే కనీసం పదేళ్ళ వరుస అడగండి. ఆ వరుసలో చమురుతో ఒక గీత, చమురు లేకుండా ఒక గీత గీసి చూస్తే కథంతా అక్కడే కనపడుతుంది.

తర్వాత, ఆ పద్దులో ఏది ఎలా వేశారో చూడండి. పింఛన్లు, ఆసుపత్రులు, బడుల ఖర్చు నిజంగా స్కాట్లాండ్‌లో పెట్టిందే. కానీ రక్షణ ఖర్చు, యూకే అప్పు మీద వడ్డీ, వీటిని జనాభా వాటా ప్రకారం, అంటే 8 శాతం పైచిలుకు, స్కాట్లాండ్ ఖాతాలో వేస్తారు. కొత్త దేశం అణు జలాంతర్గాములు వద్దనుకుంటే ఆ ఖర్చు తగ్గుతుంది, ఈ వాదన న్యాయమైనదే. అయితే పెన్ను తీసుకుని కూడిక చేయండి. బ్రిటన్ రక్షణ ఖర్చు జీడీపీలో 2 శాతం పైచిలుకే, దాన్ని పూర్తిగా తీసేసినా 10 శాతం లోటులో ఇంకా 8 మిగులుతుంది. మిగతాది పన్ను పెంచి తేవాలి, లేదా పింఛన్ల దగ్గరో ఆసుపత్రుల దగ్గరో కోయాలి, లేదా అప్పు తేవాలి, లేదా ఆర్థిక వ్యవస్థ పెరిగేదాకా ఎవరైనా ఆగాలి. ఏది చేస్తారో చెప్పకుండా "మా లెక్క వేరు" అనేవాళ్ళను నమ్మకండి. అలాగే ఆ లోటు చూపించి వీళ్ళు దేశంగా బతకలేరు అనేవాళ్ళనూ నమ్మకండి, ఎందుకంటే ఆ లోటు వచ్చింది యూకే లోపల ఉండగానే కదా, ఆ ఏర్పాటు అంత మంచిదైతే ఇంత లోటు ఎందుకుందో కూడా వాళ్ళు చెప్పాలి.

నా మట్టుకు నేను ఈ వ్యవహారమంతా ఒక్క మాటలో చెప్పమంటే ఇలా చెప్తాను: నిన్నటి పద్దు రేపటి దేశం గురించి తీర్పు ఇవ్వలేదు, కానీ ఆ దేశం మొదటి బడ్జెట్ మాత్రం ఆ పద్దు చివరి వరస నుంచే మొదలవుతుంది. ఈ రెండింటిలో సగం మాత్రమే చెప్పేవాళ్ళే ఎక్కువ.

పన్ను ఎక్కడ కడతారు, ఎక్కడ రాస్తారు

స్కాట్లాండ్ విస్కీ ప్రపంచమంతా పోతుంది, దాని మీద ఎగుమతి పన్ను ఇంగ్లండ్ ఖాతాలో వేసుకుంటోంది అని ఒక మాట ఏళ్ళ తరబడి తిరుగుతోంది. విస్కీ ఎగుమతి మీద అక్కడ సుంకమే లేదు. మద్యం పన్ను తాగినచోట పడుతుంది, జపాన్‌లో తాగితే జపాన్‌కు.

మన పొగాకుతో చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో రైతు ఆకు అమ్ముతాడు, ఆ ఆకులో చాలా భాగం విదేశాలకు పోతుంది. సిగరెట్టు మీద ప్రభుత్వానికి వచ్చే భారీ పన్ను చూసి, అదంతా ప్రకాశం జిల్లా డబ్బే అని ఎవరైనా అంటే వినడానికి బానే ఉంటుంది, కానీ ఆ పన్ను కడుతున్నది సిగరెట్టు కాల్చేవాడు, వాడు ఎక్కడున్నా సరే. ఎగుమతైన ఆకు మీద ఆ పన్ను పడనే పడదు. సరుకు పుట్టినచోటు, కంపెనీ ఆఫీసు ఉన్నచోటు, సరుకు వాడినచోటు, ఈ మూడింట్లో ఏ చోటి ప్రకారం పన్ను లెక్క రాశారో అడిగితే వాదనల్లో పొట్టు చాలావరకు ఎగిరిపోతుంది.

ఖర్చు వైపు ఇంతకంటే మెలిక ఉంది. కాటలోనియాలో "స్పెయిన్ మమ్మల్ని దోచుకుంటోంది" అన్న నినాదం వెనక ఏటా 1,600 కోట్ల యూరోలు అన్న అంకె ఉండేది, జీడీపీలో 8 శాతం దాకా. స్పెయిన్ ఆర్థిక శాఖ కోసం వేసిన 2011 లెక్కలో అది 850 కోట్ల లోపు వచ్చింది, పైగా ఆ లెక్కలో మాడ్రిడ్ ప్రాంతం కాటలోనియా కంటే ఎక్కువ ఇస్తున్నట్టు తేలింది. ఇంత తేడా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే శ్రీహరికోట గుర్తు తెచ్చుకోండి, 2022 దాకా అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది. కేంద్రం అక్కడ రాకెట్ల మీద పెట్టే ఖర్చు ఎవరి ఖాతాలో వేస్తారు? ఖర్చు జరిగిన చోటు చూస్తే అంతా నెల్లూరు ఖాతానే, అబ్బో ఎంత ఇచ్చారో అనిపిస్తుంది. లాభం ఎవరికి అని చూస్తే, ఉపగ్రహం అస్సాం వాడికీ పనికొస్తుంది, కాబట్టి దేశం మొత్తానికి పంచాలి, నెల్లూరు వాటా చిటికెడే. కాటలోనియా వాళ్ళు చెప్పే పెద్ద అంకె మొదటి పద్ధతిది: మాడ్రిడ్‌లో కూర్చున్న సైన్యం, విదేశాంగ శాఖ ఖర్చు కాటలోనియా గడ్డ మీద పడలేదు కాబట్టి అది వాళ్ళకు అందనట్టే. కాటలోనియా ప్రభుత్వం తానే రెండు పద్ధతుల్లోనూ లెక్క వేసి ప్రచురించింది, రెండోదాంట్లో అంకె బాగా చిన్నది. సభల్లో మాత్రం పెద్దదే వినపడింది. విడిపోయాక ఆ సైన్యం, ఆ రాయబార కార్యాలయాలు సొంతంగా పెట్టుకోవాలి కనక, చేతికి ఎంత మిగులుతుంది అని తెలియాలంటే రెండో పద్ధతే దగ్గరి జవాబు.

పంపకం

ఆస్తి పంపకాల్లో ఎవరికి ఏది అన్నదానికంటే ఏ లెక్కన పంచాలి అన్నదగ్గరే అన్నదమ్ములకు చెడుతుంది. ఇక్కడ మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2014 విభజన చట్టంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య జనాభా నిష్పత్తి 58.32 : 41.68. అదే కరెంటు దగ్గరికొచ్చేసరికి పాత వాడకం ప్రకారం పంచారు, తెలంగాణకు 53.89 శాతం, మనకు 46.11. హైదరాబాదులో ఉన్న ఆస్తి ఉన్నచోటే ఉండాలా జనాభా లెక్కన పంచాలా అని తొమ్మిది, పది షెడ్యూళ్ళ సంస్థల మీద పదేళ్ళు దాటినా తగువు తెగలేదు. జనాభా, వాడకం, ఉన్న చోటు, ఈ మూడు కొలతల్లో ఏది ఎంచుకుంటే ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతుంది.

స్కాట్లాండ్‌లో స్వాతంత్ర్యం కోరేవాళ్ళు చమురును ఉన్న చోటు ప్రకారం తమకే కావాలంటారు, దాదాపు అంతా వాళ్ళ వైపు సముద్రంలోనే ఉంది కూడా. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) ఆస్తులు మాత్రం జనాభా లెక్కన కావాలంటారు. లండన్ వాళ్ళూ అంతే, తమకు ఎక్కడ ఏది కలిసొస్తే ఆ కొలత. ఇందులో మోసమేమీ లేదు, బేరం అంటేనే అది. మీరు చేయాల్సింది, ఒకే వాదనలో ఎన్ని కొలతలు వాడారో లెక్కపెట్టడం.

అప్పు సంగతి ఇంకా ముఖ్యం. 2014 జనవరిలోనే బ్రిటన్ ఆర్థిక శాఖ, విడిపోయే రోజు దాకా జారీ చేసిన యూకే బాండ్లన్నిటికీ (ప్రభుత్వ అప్పు పత్రాలకు) మాదే బాధ్యత అని ప్రకటించింది. లేకపోతే బాండ్లు కొనేవాళ్ళు బెదిరి వడ్డీ పెంచేస్తారు. దాంతో స్కాట్లాండ్ చేతికి ఒక ఆయుధం దొరికింది: పౌండు పంచుకోనంటే అప్పులో వాటా మేమూ తీసుకోం అని. చట్టం ఏమంటుంది అని వెతికితే పెద్దగా దొరకదు, దేశాలు విడిపోయినప్పుడు అప్పుల గురించి 1983లో వియన్నాలో రాసుకున్న ఒప్పందం అసలు అమల్లోకే రాలేదు. అందువల్ల "అప్పు వాటా ఇంత" అని ఎవరైనా నికరంగా చెప్తే, అది వాళ్ళ కోరికగానే తీసుకోండి.

కరెన్సీ: మీరు ఎక్కువసేపు కూర్చోవాల్సింది ఇక్కడ

జెండా, పాస్‌పోర్టు మారితే మనిషి రోజు గడవడంలో పెద్ద తేడా రాదు. జేబులో నోటు మారితే వస్తుంది. 2014 ఫిబ్రవరి 13న అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఓస్బోర్న్ ఎడిన్‌బరాకే వచ్చి, యూకేను వదిలి వెళ్తే పౌండునూ వదిలి వెళ్ళినట్టే అని చెప్పాడు, లేబర్, లిబరల్ డెమొక్రాట్లూ అదే పాట. స్కాట్లాండ్ ప్రభుత్వం మాత్రం పౌండును ఉమ్మడిగా వాడుకుంటాం అన్న మాట మీదే నిలబడింది, అవతలివాళ్ళు ఒప్పుకోకపోతే ఏమిటి అన్నదానికి సూటి జవాబు ఇవ్వలేకపోయింది. సెప్టెంబరు 18 ఓటింగులో 55.3 శాతం మంది వద్దన్నారు, 44.7 శాతం కావాలన్నారు. కరెన్సీ మీద ఆ తడబాటు వాళ్ళను బాగా దెబ్బతీసిందని నా అభిప్రాయం.

దారులు మూడే. ఉమ్మడి కరెన్సీ అయితే అవతలివాడి ఒప్పుదల కావాలి, బడ్జెట్ మీద అతని కన్ను ఉంటుంది. అడగకుండా అవతలి నోటునే వాడుకోవచ్చు, పనామా డాలరు వాడుతుంది, 2000 నుంచి ఈక్వడార్ వాడుతోంది, మాంటినీగ్రో యూరో వాడుతోంది. కానీ బ్యాంకు మునిగినప్పుడు నోటు ముద్రించి ఆదుకునే వీలుండదు. 2008లో ఎడిన్‌బరా కేంద్రంగా ఉన్న రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లాండ్ కూలబోతే యూకే ప్రభుత్వం 4,550 కోట్ల పౌండ్లు పెట్టి నిలబెట్టింది, అంత సొమ్ము 55 లక్షల జనాభా ఉన్న చిన్న దేశం రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి తెస్తుంది? మూడోది సొంత కరెన్సీ. స్వేచ్ఛ ఎక్కువ, మొదట్లో నమ్మకం తక్కువ. 2018లో స్వాతంత్ర్యం కోరే ఎస్‌ఎన్‌పీ పార్టీ కోసం ఆండ్రూ విల్సన్ నాయకత్వంలో పనిచేసిన గ్రోత్ కమిషన్, కొన్నాళ్ళు పౌండునే వాడుకుని కొన్ని పరీక్షలు దాటాక సొంత కరెన్సీకి మారదాం అంది. 2022 అక్టోబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం వీలైనంత త్వరగా స్కాటిష్ పౌండుకు మారతాం అంది.

సొంత కరెన్సీ అంటే ఇంట్లో ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చేసి చూడండి. గ్లాస్గోలో మనవాళ్ళమ్మాయి నర్సుగా చేస్తోంది, 2 లక్షల పౌండ్ల ఇంటి అప్పుంది అనుకుందాం. జీతం కొత్త పౌండ్లలోకి మారింది, అప్పు పాత పౌండ్లలోనే ఉంది. కొత్త పౌండు విలువ 10 శాతం తగ్గితే ఆమె అప్పు కొత్త డబ్బులో 2,22,000 దాటుతుంది, జీతం మాత్రం అదే. అదే సమయంలో సాల్మన్ చేపలు, విస్కీ ఎగుమతి చేసేవాడికి లాభం, నెల్లూరు నుంచి ఫీజు పంపే తండ్రికీ కాస్త ఊరట. డాలరు పెరిగినప్పుడు మన రొయ్యల ఎగుమతిదారుకు సంతోషం, బయటి సరుకు కొనుక్కునేవాడికి ఏడుపు, అదే తీరు. అందుకని కరెన్సీ గురించి చదివేటప్పుడు దేశానికి మంచిదా అని అడగడం చాలదు, అప్పులు ఏ డబ్బులో ఉంటాయి, దాచుకున్న సొమ్ము ఏ డబ్బులోకి మారుతుంది, ఆ నిర్ణయం ఎవరిది అని అడగాలి.

మాట ఇచ్చినంత మాత్రాన నిలబడదనడానికి చెకొస్లొవేకియా ఉంది. 1993 జనవరి 1న రెండుగా విడిపోయారు, గొడవ లేకుండా, కేంద్ర ఆస్తులు జనాభా లెక్కన 2 : 1గా పంచుకుని. కరెన్సీ కొన్నాళ్ళు ఉమ్మడిగానే ఉంటుందన్నారు. స్లొవేకియా డబ్బు విలువ పడిపోతుందని జనం ఊహించి సొమ్మంతా చెక్ బ్యాంకుల్లోకి తరలించడం మొదలుపెట్టారు. ఆరు వారాలు కూడా నిలవలేదు, ఫిబ్రవరి 8న కరెన్సీ విడిపోయింది. కొత్త నోట్లు ముద్రించే టైమ్ లేక పాత కొరునా నోట్ల మీద చిన్న స్టాంపులు అతికించి, స్టాంపు ఉన్నది మా నోటు అన్నారు. జూలైలో స్లొవేకియా తన కరెన్సీ విలువ 10 శాతం తగ్గించింది. అయినా ఆ దేశం మునగలేదు, 2009లో యూరోలో చేరింది. ఇంకోవైపు ఐర్లాండ్ 1922లో విడిపోయి కూడా 1979 దాకా తన పౌండును బ్రిటన్ పౌండుకు సమానంగా కట్టేసి ఉంచింది. ఏ పక్షంవాళ్ళు ఏ దేశం పేరు ఎత్తినా రెండో దేశం గుర్తు చేయండి.

సరిహద్దు

స్కాట్లాండ్ బయటికి అమ్మే సరుకుల్లో, సేవల్లో దాదాపు 60 శాతం మిగతా యూకేకే పోతాయి, యూరోపియన్ యూనియన్‌కు ఐదో వంతు. బ్రిటన్ ఆ యూనియన్ నుంచి బయటికి రావాలా అన్న 2016 బ్రెగ్జిట్ ఓటులో స్కాట్లాండ్ 62 శాతం యూనియన్‌లోనే ఉందాం అంది, అయినా మిగతా యూకేతో పాటు బయటికి రావాల్సి వచ్చింది, ఆ కోపం న్యాయమైనదే. కానీ విడిపోయి యూనియన్‌లో చేరితే ఇంగ్లండ్ సరిహద్దు యూనియన్ సరిహద్దు అయిపోతుంది, పెద్ద మార్కెట్‌కు దారి తెరుచుకుంటుంది, అంతకంటే పెద్ద గిరాకీ ఉన్న పక్కింటికి గేటు పడుతుంది. గేటు పడితే ఏమవుతుందో 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసినప్పుడు నెల్లూరు, ప్రకాశం రొయ్యల చెరువుల దగ్గర అందరూ చూశారు. ఇంగ్లండ్‌తో అంత సుంకం పడుతుందని ఎవరూ అనడంలేదు, కాగితాలు, తనిఖీలు, ఆలస్యం, వీటి ఖర్చు గురించే మాట.

ఇక్కడ కాలం చూడాలి. 1920లలో ఐర్లాండ్ ఎగుమతుల్లో 90 శాతం పైగా బ్రిటన్‌కే వెళ్ళేవి. 1973లో ఐరోపా కూటమిలో చేరేనాటికి కూడా సగం పైనే. మార్కెట్లు మారతాయి, నిజమే, కానీ అందుకు ఒక తరం కంటే ఎక్కువ కాలం పడుతుంది.

కంపెనీలు పారిపోతాయన్న భయాన్ని కూడా ఇలాగే విడదీసి చూడండి. 2017 అక్టోబరు 1న కాటలోనియాలో కోర్టు కాదన్నా ఓటింగు జరిపారు. ఆ వారంలోనే కైషాబ్యాంక్ తన రిజిస్టర్డ్ ఆఫీసును వాలెన్సియాకు, సబాదెల్ బ్యాంకు అలికాంతేకు మార్చేశాయి. ఇది నిజంగా జరిగింది, పుకారు కాదు. అయితే మారింది ఎక్కువగా కాగితం మీది అడ్రసు, ఫ్యాక్టరీలు, బ్రాంచీలు, ఉద్యోగులు అక్కడే ఉన్నారు. ఆఫీసు పోయిందా పని పోయిందా అని అడగాలి.

కొత్త ఆఫీసుల ఖర్చు

దీనికి పెద్ద చోటు ఇవ్వక్కర్లేదు కానీ ఒక కథ తెలియాలి. 2014లో బ్రిటన్ ఆర్థిక శాఖ, కొత్త దేశానికి 180 సంస్థలు కావాలి, ఒక్కోదానికి ఒకటిన్నర కోటి పౌండ్లు, మొత్తం 270 కోట్లు అని లెక్క చెప్పింది. ఒకటిన్నర కోటి అన్నది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ ప్యాట్రిక్ డన్‌లీవీ పరిశోధన నుంచి తీసుకున్నారు. ఆయనే బయటికొచ్చి, నా అంకెను ఘోరంగా తప్పుగా వాడారు, చిన్నా చితకా సంస్థలన్నిటికీ అదే రేటు వేశారు, మొదట్లో అయ్యే ఖర్చు 15 నుంచి 20 కోట్ల పౌండ్లే అన్నాడు. పదింతలకు పైన తేడా. పెద్ద మొత్తం ఏదైనా కనపడితే దాన్ని గుణకారంగా విప్పండి, ఎన్ని, ఒక్కోటి ఎంత, ఆ రేటు ఎక్కడిది.

నేల కింద ఉన్నది

సహజ వనరులతో దేశం నడుస్తుందన్న వాదనకు ఎక్కువమంది పడిపోతారు, ఎందుకంటే అందులో నిజం ఉంది. 1974లో ప్రభుత్వ ఆర్థికవేత్త గావిన్ మెక్రోన్, చమురుతో స్వతంత్ర స్కాట్లాండ్‌కు భారీ మిగులు, గట్టి కరెన్సీ వస్తాయని లోపలి నివేదిక రాశాడు. అది 2005 దాకా జనం కంటపడలేదు. నార్వే 1990లో చమురు నిధి పెట్టుకుని ఎంత సంపన్నమైందో అందరికీ తెలుసు. స్కాట్లాండ్ వాళ్ళ బాధలో నాకు అన్నిటికంటే బరువుగా తోచేది ఇదే. కానీ 1974లో చేతికి అందాల్సిన చమురు ఇవాళ బావిలో లేదు, జారిపోయిన అవకాశం మీద బడ్జెట్ వేయలేం.

వనరు ఉండటం ఒకటి, అది రేవు చేరడం ఇంకొకటి. 2011 జూలై 9న దక్షిణ సుడాన్ విడిపోయినప్పుడు పాత సుడాన్ చమురులో నాలుగింట మూడు వంతులు దానికే దక్కింది, ప్రభుత్వ రాబడిలో 98 శాతం ఆ చమురే. పైపులైన్లు మాత్రం ఉత్తరం గుండా పోర్ట్ సుడాన్‌కు. రవాణాకు బ్యారెల్‌కు 36 డాలర్లు కట్టమని సుడాన్ అడిగింది, దక్షిణం వాళ్ళు ఒక్క డాలరు లోపే ఇస్తామన్నారు, చివరికి 2012 జనవరిలో బావులే మూసుకున్నారు. 2013 ఏప్రిల్ దాకా చమురు లేదు. గ్రీన్‌లాండ్‌ది ఇంకో రకం: ఖనిజాల మాట ఎంత వినపడినా ఎగుమతుల్లో 90 శాతం పైన చేపలు, రొయ్యలే, ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం డెన్మార్క్ ఇచ్చే గ్రాంటు. 2009 స్వపరిపాలన చట్టం ప్రకారం ఖనిజ రాబడి ఒక హద్దు దాటితే అందులో సగం మేరకు ఆ గ్రాంటు తగ్గిపోతుంది, అంటే మొదటి గని తవ్వగానే రెండు చేతులా డబ్బు రాదు. గని, దారి, రేవు, కొనేవాడు, ఈ నాలుగూ ఎవరి చేతిలో ఉన్నాయో గీసి చూసుకోండి.

మన అనుభవం ఎంతవరకు పనికొస్తుంది

1953కు ముందు ఆంధ్ర రాష్ట్రం గురించి కూడా ఇవే ప్రశ్నలు. రాబడి ఎంత, ఖర్చు ఎంత, మద్రాసు ఉమ్మడి ఆస్తులు ఎలా అని తేల్చడానికి జస్టిస్ వాంఛూను వేశారు, 1953 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చాడు. అప్పటికి పొట్టి శ్రీరాములు చనిపోయి రెండు నెలలు. ఆయన నిరాహారదీక్ష బడ్జెట్ మిగులు కోసం చేసింది కాదు, స్కాట్లాండ్‌లోనూ చాలామందికి ఇది డబ్బు ప్రశ్న కాదు. లెక్కలు చదివేవాళ్ళు ఆ మాటను తక్కువ చేసి చూడకూడదు. విడిపోవాలా వద్దా అన్నది జనం తేల్చుకోవాలి, ఎంత ఖర్చవుతుందో తెలిసి తేల్చుకోవడం వాళ్ళ హక్కు, మన పని అంతవరకే.

అయితే మన రాష్ట్రాల అనుభవం దేశాలకు నేరుగా అతికించొద్దు. 1953లోనూ 2014లోనూ రూపాయి మారలేదు, రిజర్వ్ బ్యాంకు మారలేదు, లోటు పడితే కేంద్రం ఉంది, ఒంగోలు లారీ హైదరాబాదు వెళ్ళడానికి కస్టమ్స్ లేదు. పంపకాల దగ్గర మన అనుభవం బంగారం. కరెన్సీ, సరిహద్దు, అప్పుల దగ్గర అది పనికిరాదు.

చేతికి పని

గెర్స్ మామూలుగా ఆగస్టులో వస్తుంది. వచ్చినరోజు వార్తలు చదవకండి, ముందు పట్టిక తెరవండి. లోటు జీడీపీ శాతం, పక్కన యూకేది, చమురు రాబడి వరస, తలసరి ఖర్చు, ఈ నాలుగు పదేళ్ళకు రాసుకోండి. అప్పుడు రెండు పక్షాల ప్రకటనలు చదివి, వాళ్ళు ఏ గడి చూపించారో, ఏది దాచారో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి.

అంతకుముందు చేయి తిరగాలంటే ఇంటి దగ్గర ఒకటి చేసి చూడండి. "చీమకుర్తి గ్రానైట్ డబ్బంతా బయటికే పోతోంది" అన్న మాట తీసుకోండి. గెలాక్సీ రాయి (చీమకుర్తి నల్ల గ్రానైట్) మీద సీనరేజి, అంటే తవ్విన రాయికి కట్టే రుసుము, రాష్ట్ర ప్రభుత్వానికి, జిల్లా ఖనిజ నిధికి కొంత జిల్లాకే, ఎగుమతి మీద జీఎస్టీ పడదు, దేశంలో అమ్మితే రాష్ట్ర వాటా వాడిన రాష్ట్రానికి, కంపెనీ ఆదాయపు పన్ను కేంద్రానికి, అది ఆఫీసు అడ్రసు ఉన్న ఊరి లెక్కలో కనపడుతుంది. కూలీలు, లారీలు, పాలిషింగ్ యూనిట్లు ఇక్కడివే, లాభం యజమాని ఎక్కడుంటే అక్కడికి. ఒక కాగితం మీద ఈ పాయలన్నీ బాణాలుగా గీసి, ఒక్కో బాణం మీద ఆ డబ్బు పుట్టినచోటా, రాసినచోటా, ఖర్చైనచోటా ఏ ఊరో రాయండి. మూడు చోట్లా ఒకే ఊరు వచ్చే బాణాలు ఎన్నో లెక్కపెట్టుకుని, ఆ కాగితం పక్కన పెట్టుకునే గెర్స్ తెరవండి.